జాలారి బండ

మొదట నీళ్లే చూసినాయి.
నేను కాదు.

పాలీషు మిషను గిర్రున తిరుగుతాంటే
మగ్గుతో నీళ్లు పోయడం నా పని.
నల్లని కడప బండ, మూడడుగులకు రెండు,
ఏ ఊర్లోనో ఎవరి వంటింట్లోనో గట్టు కావాల్సింది.
నీళ్లు పడగానే లోపల్నుంచి ఒక గీత లేచింది.
చిటికెనవేలంత లావు. బూడిద రంగు.
జానెడు దూరం తిన్నగా పోయి
ఏదో మర్చిపోయినట్టు ఆగి
ఎడమకు తిరిగి
తన పక్కనే తాను వెనక్కొచ్చి,
ఎక్కడా తన దారి తాను తొక్కకుండా,
బండ అంచు కాడ తెగిపోయింది.
తెంచింది మా రంపం.

మేస్త్రీ దస్తగిరి గోరుతో గీకి చూసినాడు.
"పగులు. తీసెయ్."
సుద్దముక్కతో అడ్డంగా ఒక గుర్తు.

పదకొండేండ్లుగా నీళ్లు పోస్తాండా.
పగులు నాకు తెలుసు.
పగులుకు తొందరెక్కువ, ఎవరినీ అడగదు.
ఇది తడుముకుంటా పోయింది,
కరెంటు పోయిన రాత్రి అగ్గిపెట్టె కోసం
మా అత్త గోడ పట్టుకొని పోయినట్టు.

తీసేసిన బండ నలభై రూపాయలు.
ఎర్రగుంట్ల నుంచి నిడుజివ్వికి ఆటోలో
కాళ్ల కింద పెట్టుకొని తెచ్చుకుంటి.
టైరు కూర్చుంటాదని ఆటో అబ్బాయి దారంతా సణిగినాడు.
జాలారిలో పరిచినాం.
స్నానాలు, అంట్లు, గుడ్డలు, అన్నీ దాని మీదనే.

రెండేండ్ల తర్వాత
గనులు చూడను కడప నుంచి ఒక పిల్ల వచ్చింది.
ఫర్హీన్ అంట. మెడలో తాడుకు చిన్న భూతద్దం.
తాగను నీళ్లడిగి, చేతులు కడగబోయి,
తడిసిన జాలారిలో అట్లనే కూర్చుండిపోయింది.

"పురుగక్కా ఇది.
కాదు, పురుగు లేదిక్కడ. పోయిన జాడ ఉంది."
ఎప్పటిది? అంటి.
"యాభై కోట్ల ఏండ్లు. ఎక్కువే కావచ్చు.
ఇంకా లెక్క తేలక కొట్లాడుకుంటున్నారు.
కొందరైతే పురుగే కాదంటారు.
అప్పుడిక్కడ సముద్రం."

నేను తిరిగి బిందెల వైపు చూస్తి.
ట్యాంకరు వచ్చి మూడు రోజులు.

"ఎముక లేదు, గుల్ల లేదు.
కండ్లుండేవో లేదో.
బురద తింటా పోయింది, తిన్న మేరా దారి.
వెనక విడిచిన మన్నే దారిని పూడ్చింది.
అందుకే ఆ రంగు."

దాని పేరేమి?
"దానికి పెట్టరక్కా, దాన్నెవరు చూసినారు.
జాడకు పెడతారు."

మా మామ ఓబన్న బావులు తవ్వినోడు.
ముప్పైయో నలభైయో, లెక్క ఆయనకే తెలీదు.
ఒక్క ఫోటో లేదు.
బావులకు చేను గలాయన పేర్లు.
ఎండిపోయిన ఒక బావిలోకి మా ఆయన నన్ను దింపి
మూడో మెట్టు కాడ రాతిలో
గడ్డపార ములుకు దిగిన గుంటలు చూపించినాడు.
"ఇవి కూలోల్లవి.
ఇదిగో, ఇట్ల వాలుగా ఉండేవి మా నాయనవి.
ఎడమచేతి వాటం."
ఆ గుంటలో వేలు పెట్టి
శానా సేపు తీయలేదు.

ఆ పిల్ల గీత పక్కన రూపాయి బిళ్ల పెట్టి
నాలుగు ఫోటోలు తీసుకొని పోయింది.
రూపాయి మర్చిపోయింది.
సబ్బుపెట్టెలో దాచినా, మళ్లీ వస్తే ఇద్దామని.

పొద్దున్నే మొదటి చెంబు పోస్తానే
గీత పైకొస్తాది.
ఎండ పడితే లోపలికి పోతాది.
మా చిన్నోడు దాని మీద బొటనవేలు పెట్టి నడుస్తాడు,
మలుపు కాడ వాడూ ఆగతాడు.

మిగిలిన సగం పక్క బండలో పోయుంటాది.
ఆ పూట దస్తగిరి చూడలేదు,
ఫస్టు రకం కింద లారీ ఎక్కింది.
ఏ ఊర్లోనో స్టవ్వు కింద ఉంటాదిప్పుడు.
ఒకరోజు పాలు పొంగి గట్టంతా పారతాయి.
తుడవబోయిన చెయ్యి ఆగతాది.
పగులనుకొని
వేలు పెట్టి చూస్తారు.